బోర్డు మీది గిత్తకు పందిరి

గుంటూరు మిరపకాయల కొట్ల బజారులో బోర్డులకు కొదవలేదు. ఎండకు వెలిసినవి, వానకు పెచ్చులూడినవి, కాకులు వాలి రెట్టలేసేవి, అన్నీ ఉండేవి. వాటిలో ఒక్క బోర్డుకు మాత్రం నెత్తిన పందిరి ఉండేది. నాలుగు వెదురు బొంగులు, వాటి మీద తాటాకులు. ఏటా ఎండలు ముదరకముందే ఆ తాటాకులు మార్చేవారు. కొత్తగా సరుకు తెచ్చినవాళ్ళు ముక్కున వేలేసుకుని, "మనుషులు ఎండలో మాడుతుంటే బోర్డుకు పందిరేమిటండీ?" అని అడిగితే, బజారువాళ్ళు బోర్డులు రాసే లాల్ అహ్మద్‌ను అడగమనేవారు. అతన్ని అడిగితే "మా షాజాదీని అడగండి" అనేవాడు. అతని భార్య షాజాదీని అడిగినవాడి పని అయిపోయినట్టే. ఆవిడ మొదలుపెడితే సాయంత్రం దాకా వదిలేది కాదు. ఆవిడ చెప్పే కథే ఇది, కాస్త కుదించి.

లాల్ అహ్మద్ దూదేకుల ఇంట పుట్టాడు. తండ్రి హుస్సేన్ సాహెబ్ ఏకుడు విల్లు భుజాన వేసుకుని వీధులు తిరిగి, దూది ఏకి, పరుపులు కుట్టి సంసారం నడిపాడు. కొడుకు కూడా ఆ విల్లు అందుకుంటాడనుకుంటే, కొడుక్కి దూది నలుసు ముక్కులో పడితే చాలు, ఏకధాటిగా ఇరవై తుమ్ములు. ఇది అయ్యే పని కాదని తండ్రే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, బస్సులకు రంగులు వేసే మేస్త్రీ దగ్గర చేర్చాడు. అక్కడ పొద్దస్తమానం రంగుల డబ్బాల మధ్య కూర్చున్నా ఒక్క తుమ్ము రాలేదు. "వీడి అన్నం ఇక్కడ రాసిపెట్టి ఉంది" అని హుస్సేన్ సాహెబ్ సంతోషంగా ఇంటికి వెళ్ళాడట.

మేస్త్రీ పోయాక పనంతా లాల్ అహ్మద్ చేతికే వచ్చింది. 1957 నాటికి గుంటూరు నుంచి బయల్దేరే బస్సుల నుదుటి మీద ఊరి పేర్లలో సగం అతని రాతే. చిలకలూరిపేట, అద్దంకి, ఒంగోలు, వినుకొండ. గుండ్రంగా, నిండుగా, దూరం నుంచి కూడా చదువుకునేలా రాసేవాడు. వింత ఏమిటంటే, ఆ ఊళ్ళలో ఒక్కటీ అతను చూడలేదు. ఇరవై ఆరేళ్ళ మనిషి, లోకానికంతా దారి చూపే బోర్డులు రాసేవాడు, పక్కనే ఉన్న నల్లపాడు స్టేషన్లో కూడా కాలు పెట్టలేదు. అద్దంకి దగ్గర పల్లె పిల్లను పెళ్ళి చేసుకున్నాడు కదా అంటారేమో. ఆ పెళ్ళికూతురినే గుంటూరు తీసుకొచ్చి నిఖా చేశారు. అలా ఆ ప్రయాణమూ తప్పించుకున్నాడు.

అక్షరాల్లో అతనికి తిరుగులేదు. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకే విద్య తెలుసు. ఎక్కడి నుంచో ఒక బొమ్మ సంపాదించి, దాని మీద పెన్సిలుతో చిన్న గళ్ళు గీసేవాడు. రేకు మీద అన్నే పెద్ద గళ్ళు గీసి, ఈ గడిలోది ఆ గడిలోకి ఎక్కించేవాడు. లాంతరైనా, గొడుగైనా, తామరపువ్వైనా అంతే. బొమ్మ కదలదు, గడి దాటదు, పని చెడదు.

ఆ ఏడు దసరాకు ముందు చెంచురామయ్య అనే ఆయన ఆ బజారులో కొత్తగా కమీషన్ కొట్టు తెరిచాడు. చిలకలూరిపేట దగ్గర రైతు కుటుంబం, మాట పెద్దది, మనసు మంచిది. కొట్టుకు "ఒంగోలు గిత్త మార్కా" అని పేరు పెట్టి, బోర్డు పని లాల్ అహ్మద్‌కు ఇచ్చాడు. మిరపకాయల బజారులో బోర్డు అంటే అలంకారం కాదు. చదువురాని రైతు బండి తోలుకొచ్చి బొమ్మను చూసే కొట్టు గుర్తుపడతాడు. ఒకటి గొడుగు కొట్టు, ఒకటి లాంతరు కొట్టు. షావుకారు పేరు పదేళ్ళకు గాని తెలియదు.

లాల్ అహ్మద్ బొమ్మ కోసం వెతికాడు. టీ కొట్టు గోడకు అగరొత్తుల క్యాలెండరు ఒకటి కనిపించింది. దాని మీద మాంచి తెల్లటి ఎద్దు. కొమ్ములు బారెడు, వెనక్కి వాలి, మొనదేలి ఉన్నాయి. ఎంత ఠీవిగా ఉందో అనుకున్నాడు. టీ కొట్టువాణ్ణి బతిమాలి క్యాలెండరు తెచ్చుకున్నాడు, గళ్ళు గీశాడు, ఎక్కించాడు. ఆ అగరొత్తులు మైసూరువని గాని, ఆ ఎద్దు కూడా మైసూరుదేనని గాని అతనికి తోచలేదు.

వాకిట్లో ఆరబెట్టిన బోర్డు చూసి షాజాదీ ఆగిపోయింది. పెళ్ళై ఏడాది కాలేదు, అయినా నోరు ఊరుకోదు.

"ఏమయ్యా, ఇది ఏ ఊరి ఎద్దు?"

"కింద రాశాను కదా, ఒంగోలు గిత్త."

"రాతలో ఒంగోలే ఉందిలే. కొమ్ముల్లో లేదు."

"కొమ్ములు కొమ్ముల్లా ఉండక నీ వేళ్ళల్లా ఉంటాయా?" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. షాజాదీ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బోర్డు కట్టిన వారంలోనే అల్లరి మొదలైంది. పాత సరుకు తెచ్చిన రైతులు కొట్టు ముందు బండి ఆపి, తలెత్తి చూసి, ఒకణ్ణొకడు పిలుచుకుని నవ్వడం. ఒంగోలు గిత్తకు కొమ్ములు పొట్టిగా, మొద్దుగా ఉంటాయని ఆ నేల మీద పాకే పిల్లకు కూడా తెలుసు. "ఒరేయ్, ఈ షావుకారు మైసూరోడంటరా! వీడి కాటా కూడా మైసూరు కాటానే అయి ఉంటది, పదండి" అని ఒకడు. "గిత్తను పోల్చుకోలేనోడు కాయను పోల్చుకుంటాడా?" అని ఇంకొకడు. పది రోజుల్లో అది మైసూరు కొట్టు అయిపోయింది. లాల్ అహ్మద్ మైసూరు పెయింటరు అయిపోయాడు.

చెంచురామయ్య కబురు పెట్టాడు. లాల్ అహ్మద్ వెళ్ళి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ఏమయ్యా లాల్ అహ్మదూ, నేను నీకు ఏం ద్రోహం చేశాను?"

"తప్పైపోయిందండి."

"తప్పును గోడకెక్కించావు, ఊరంతా చూస్తోంది. తిట్టను. మాఘంలో కొత్తకాయ దిగుతుంది. మొదటి బస్తా నా కొట్టు ముందు దిగేలోపు ఆ రేకు మీద ఒంగోలు గిత్త నిలబడాలి. లేకపోతే దాన్ని గీకించి బెజవాడ పెయింటరును పిలిపిస్తా. ఆ తర్వాత ఈ బజారులో నీకు ఎవడు పనిస్తాడో నువ్వే చూసుకో."

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు. షాజాదీ ఎదురుగా కూర్చుంది. ఈసారి నవ్వలేదు.

"ఎద్దును చూసి ఎద్దును గియ్యి. క్యాలెండరును చూసి కాదు."

"ఊళ్ళో బండెద్దులున్నాయిగా, రేపే చూస్తా."

"బరువులు లాగి లాగి మెడలు కాయలు కాసిన ఎడ్లు అవి. గిత్తంటే నిలబడితే నేల బరువెక్కాలి. బయటికి పోయి చూడాలి."

"బయటికంటే?"

"నువ్వు రాసే ఊళ్ళకే."

లాల్ అహ్మద్ తల్లి సైదాబీకి ఈ సంగతి అస్సలు నచ్చలేదు. "ఒరేయ్ లాలూ, ఎద్దు కోసం పోతే పో. పక్కన పెళ్ళాం ఎందుకురా?" అని నిలదీసింది.

"ఎద్దు సంగతి దానికే తెలుసమ్మా."

ఆ మాట గోడలు దాటి వీధంతా పాకింది. ఆ వారమంతా ఎవరు ఎదురైనా "ఎద్దు సంగతి ఎవరికి తెలుసు?" అని అడిగి మరీ నవ్వారు.

మొదటి ఆదివారం నల్లపాడు వెళ్ళారు. గుంటూరు నుంచి చిన్న రైలు ఎక్కితే ఒక బీడీ కాలేలోపు వచ్చే స్టేషను. అయినా లాల్ అహ్మద్ కాశీయాత్రకు పోతున్నట్టు తెల్లవారకముందే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బొగ్గు ముక్కలూ కాగితాల చుట్టా సంచిలో పెట్టుకున్నాడు. షాజాదీ జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి, ఉల్లిపాయలు మూట కట్టింది. దిగి, పొలం గట్టున కూర్చుని, మేస్తున్న ఎద్దును చూస్తూ కాగితం మీద గళ్ళు గీశాడు. అప్పుడు తల ఎత్తితే ఎద్దు ఇటు తిరిగింది. తల గీద్దామనుకుంటే అటు తిరిగింది. కాలు గీస్తుంటే నడిచింది. తోక గీస్తుంటే ఈగను కొట్టింది. రొట్టెలు అయిపోయేసరికి అతని కాగితాల నిండా గళ్ళే ఉన్నాయి, ఎద్దు ఒక్క గడిలోకీ రాలేదు. పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు తిరిగి వచ్చారు.

"గళ్ళు మానెయ్" అంది షాజాదీ రైల్లో. "ముందు ఊరికే చూడు. చేత్తో గియ్యటం తర్వాత."

"చూస్తూనే ఉన్నా కదా!"

"నువ్వు కాగితాన్ని చూస్తున్నావు."

అది నిజమే. అతనికి కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

మరుసటి ఆదివారం చిలకలూరిపేట బస్సు ఎక్కాలనుకున్నారు. షాజాదీ ముందుగా ఎక్కి కిటికీ పక్కన చోటు పట్టింది. లాల్ అహ్మద్ బస్సు ముందు నిలబడిపోయాడు. నుదుటి మీద "చిలకలూరిపేట" తన రాతే. చివరి అక్షరం కొంచెం ఇరుకైందని మనసు పీకుతోంది. రెండడుగులు వెనక్కి వేసి ఒక కన్ను మూసి చూశాడు. ఇంకో నాలుగడుగులు వేశాడు. ఈలోగా కండక్టరు రైట్ అన్నాడు, బస్సు కదిలింది. షాజాదీ కిటికీలోంచి తల బయటికి పెట్టి కేకలు వేస్తుంటే, ఇతను సంచి ఎగురుతుండగా పరుగెత్తాడు. మూడో మలుపు దగ్గర బస్సు ఆగింది. ఎక్కగానే కండక్టరు, "ఊరి పేరు రాసినోడికే ఊరికి పోవాలని లేదేమో అనుకున్నా" అన్నాడు. బస్సంతా ఘొల్లుమంది. షాజాదీ అందరికంటే ఎక్కువ నవ్వింది.

అలా ఆదివారాలు గడిచాయి. లాల్ అహ్మద్‌కు ప్రయాణం రుచి పట్టింది. ప్యాసింజరు బండిలో బొగ్గుముక్క బయటికి తీస్తే చాలు, పెట్టెలో ఉన్నవాళ్ళంతా గురువులయ్యేవారు. మూపురం ఇంకా ఎత్తుండాలని ఒకడు, గంగడోలు ఇంకా జారాలని ఒకడు. ఒక ముసలమ్మ చేటలోని చిక్కుడుకాయలు పక్కన పెట్టి, అతని చేతిలోంచి బొగ్గు లాక్కుని, తోక ఎక్కడ మొదలవ్వాలో గీసి చూపించింది. లాల్ అహ్మద్ అందరి మాటా విన్నాడు. ఊళ్ళో ఎవరైనా వేలెత్తి చూపితే ఎగిరిపడే మనిషి, రైల్లో మాత్రం పిల్లాడిలా తల ఊపేవాడు.

పుష్యమాసానికి నల్లరేగడి చేలల్లో పత్తి పగిలింది. ఆ చేల గట్టున కూర్చుని రొట్టె తింటుంటే గాలి వీచింది, లాల్ అహ్మద్ తుమ్మడం మొదలుపెట్టాడు. పత్తి ఏరే ఆడవాళ్ళు పని ఆపి లెక్కపెట్టారు. పద్దెనిమిది దగ్గర ఆగితే, "ఇంకో రెండు వెయ్యవయ్యా" అని అరిచారు. పక్క కల్లంలో మిరపపళ్ళు ఆరబోశారు. డబ్బాలో వచ్చే ఎరుపు తప్ప అతను ఇంకో ఎరుపు ఎరగడు. ఇక్కడ నిన్న కోసిన పండుది ఒక ఎరుపు, వారం ఎండినదానిది ఒక ఎరుపు, నీడ పడ్డచోట ఇంకొకటి. ఘాటుకు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా కదలకుండా చూస్తూ, "ఇన్నాళ్ళూ నేను ఏ రంగులు వేశానే?" అన్నాడు. అతను జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. ఆ మాట అతనే తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

గిత్త మాత్రం దొరకలేదు. ఎద్దులు దొరికాయి, కోడెలు దొరికాయి, షాజాదీ చూసి పెదవి విరిచేది. చివరికి రైల్లో ఒకాయన, "తిరుగుడెందుకమ్మా, కరవదిలో దిగి కోటిరత్నం గారి గిత్త అని అడగండి" అన్నాడు.

గుంటూరు నుంచి తెనాలి వెళ్ళి బండి మారి, చీరాల దాటి, ఒంగోలుకు ముందు స్టేషన్లో దిగాలి. పొద్దున్నే బయల్దేరితే పదకొండు గంటలకు చేరారు. స్టేషన్‌కు మైలు దూరంలో ఉంది కోటిరత్నం ఇల్లు. నలభై ఐదేళ్ళ మనిషి. సేద్యం, పాడి, మాట, అన్నీ ఆవిడవే. భర్త బుల్లయ్య ఉన్నాడు గాని, ఎవరైనా చెబితే గాని ఉన్నట్టు తెలియదు.

"ఎవరమ్మా మీరు? గిత్తను కొంటానికొచ్చారా?"

"కొంటానికి కాదక్కా. చూట్టానికి" అంది షాజాదీ.

"చూట్టానికా! పెళ్ళిచూపులా?"

షాజాదీ ఉన్న సంగతంతా చెప్పింది, అగరొత్తుల క్యాలెండరుతో సహా. కోటిరత్నం నడుం పట్టుకుని నవ్వింది. "మైసూరు కొమ్ములు తగిలించావా సాయిబూ! మా మల్లెగాడు వింటే కుమ్ముతాడు." అంటూ కొట్టంలోకి తీసుకెళ్ళింది.

మల్లెగాడు నీడలో నిలబడి ఉన్నాడు. పేరుకు తగ్గ తెలుపు. కళ్ళ చుట్టూ కాటుక, మోకాళ్ళ మీద నల్లటి మచ్చలు, మెడ కింద మడతలు మడతలుగా గంగడోలు, వీపు మీద గోపురంలాంటి మూపురం. తల తిప్పి వచ్చినవాళ్ళను ఒకసారి చూసి, పట్టించుకోదగ్గవాళ్ళు కాదని మళ్ళీ తిప్పేసుకున్నాడు. లాల్ అహ్మద్‌కు షాజాదీ అన్న మాట అర్థమైంది. నేల నిజంగానే బరువెక్కింది.

"అమ్మా, ఇక్కడ వెలుతురు చాలదు. కాస్త బయట కట్టేస్తే..."

"వాడికి ఎండ పడదు" అంది కోటిరత్నం. "పుట్టిందగ్గర్నుంచి ఎండలో నిలబెట్టలా. నీడలో గీసుకుంటే గీసుకో. వాణ్ణి బయటికి తెమ్మంటే మీరు బయటికి పోవాల్సి వచ్చిద్ది."

వరసగా నాలుగు ఆదివారాలు వెళ్ళారు. ఒక వారం కాళ్ళు, ఒక వారం మూపురం, ఒక వారం గంగడోలు, ఒక వారం తోక. ఆ మసక వెలుతురులో కళ్ళు చికిలించి, గళ్ళు లేకుండా గీశాడు. మల్లెగాడు కదిలేవాడే, కానీ చూడగా చూడగా ఎటు కదులుతాడో ముందే తెలిసేది. కోటిరత్నం పని చేసుకుంటూనే వెనక నుంచి తొంగిచూసి, "గిట్ట అట్టా ఉంటదా? కళ్ళు పెట్టి చూడు" అని గదమాయించేది. ఇంటిముందు బుల్లయ్య ఇచ్చిన మజ్జిగ తాగి, మధ్యాహ్నం బండికి తిరుగు ప్రయాణం. షాజాదీ మాత్రం బొమ్మ ఊసెత్తేది కాదు. మల్లెగాడికి రొట్టెముక్క తినిపించి, గంగడోలు నిమిరి, కొమ్ముల మధ్య గోకుతూ పుట్టింటి కబుర్లు చెప్పేది.

ఒక్కటి మిగిలింది. తల, కొమ్ములు. కావాలనే ఆఖరుకు పెట్టుకున్నాడు. నవ్వులపాలైంది అక్కడే కదా. "వచ్చే వారం గీస్తా" అన్నాడు. "ఇవాళే గియ్యరాదూ?" అంది షాజాదీ. బండికి వేళైందన్నాడు.

ఆ వచ్చే వారం కొట్టం ఖాళీగా ఉంది.

కోటిరత్నం బయటికి రాలేదు. బుల్లయ్య అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఉత్తరాది నుంచి ఎవరో వచ్చారట. అలాంటి గిత్త వాళ్ళ ప్రాంతంలో సంతతికి కావాలట. పువ్వులా చూసుకుంటామని మాటిచ్చి, గురువారం రైలు పెట్టెలో ఎక్కించుకుపోయారు. "మంచిచోటికే పోయాడు. కానీ మూడ్రోజుల్నుంచి ఆమె కొట్టం వైపు చూట్టంలా" అన్నాడు. అంత పొడుగు మాట అతను మాట్లాడటం అదే మొదలు.

లాల్ అహ్మద్ కొట్టం గుమ్మంలో కూలబడ్డాడు. చంకలో కాగితాల చుట్ట ఉంది. అందులో తల లేని గిత్త. కొత్తకాయ రావడానికి పది రోజులుంది. బెజవాడ పెయింటరు కళ్ళముందు నిచ్చెన ఎక్కుతున్నాడు. షాజాదీ కొట్టంలోకి వెళ్ళింది. కుడితి తొట్టి పక్కన తడిసిన నల్లమట్టి రెండు దోసిళ్ళు తీసి, రొట్టెలు కట్టిన గుడ్డలో మూట కట్టుకుంది.

తెనాలిలో గుంటూరు బండికి రెండు గంటలు ఆగాలి. ప్లాట్‌ఫారం మీద బల్ల దొరికింది. షాజాదీ మూట విప్పి, మట్టి పిసికి ముద్ద చేసింది.

"ఏం చేస్తున్నావే?"

"మా ఊళ్ళో వాగు మట్టితో ఎడ్లు చేసుకు ఆడుకునేవాళ్ళం. నోరు మూసుకుని చూడు."

కళ్ళు మూసుకుంది. నాలుగు ఆదివారాలు నిమిరిన చేతులు వాటంతట అవే నడిచాయి. నుదురు వచ్చింది, కాస్త ఉబ్బుగా. కళ్ళ గుంటలు వచ్చాయి. "కొమ్ముల మధ్య నా నాలుగు వేళ్ళు పట్టేవి. అయిదో వేలు పట్టదు" అంది. "పొడుగు నా అరచేతికి తక్కువే. మొదట్లో నా మణికట్టంత లావు." రెండు మొద్దు కొమ్ములు లేచాయి. కళ్ళు మూసుకునే ఎడమ కొమ్ము చివర బొటనవేలితో నొక్కింది. "ఇక్కడ అరిగింది. గుంజకు రుద్దుకునేవాడు."

చుట్టూ జనం మూగారు. మూటలు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు నెత్తినే ఉంచుకుని నిలబడ్డారు. వెనక నుంచి ఎవరో రైతు, "ఒంగోలు గిత్త తల కదూ!" అన్నాడు. షాజాదీ కళ్ళు తెరిచి మొగుడి వైపు చూసింది. లాల్ అహ్మద్ కళ్ళ నిండా నీళ్ళు. మిరపకాయలు లేవు అక్కడ, ఘాటుకని చెప్పుకోవడానికి.

"ఇది కదలదు. గియ్యి" అంది.

గీశాడు. అటు నుంచి, ఇటు నుంచి, ఎదురుగా నిలబెట్టి, బండి వచ్చేదాకా గీస్తూనే ఉన్నాడు.

పది రోజులు వాకిట్లోనే ఉన్నాడు. పాత బొమ్మను గీకి, గళ్ళు లేని రేకు మీద మల్లెగాణ్ణి నిలబెట్టాడు. నీడలో చూసిన తెలుపు కాబట్టి అది సున్నపు తెలుపు కాలేదు. కడుపు కింద నీలం, మూపురం మీద బూడిద రంగు వచ్చాయి. సైదాబీ రోజుకు పదిసార్లు వచ్చి చూసి పోయేది. ఒకసారి మాత్రం గడ్డిపరక ఒకటి తెచ్చి బోర్డు ముందు పడేసి, "తింటాడేమో" అని గొణుగుతూ వెళ్ళింది. అది మెప్పో వెక్కిరింపో కొడుక్కి తెలియలేదు.

మాఘంలో కొత్తకాయ దిగే రోజు పొద్దున్నే బోర్డు కట్టారు. చెంచురామయ్య చూశాడు, మీసం దువ్వాడు. "నేను చెప్పేదేముందయ్యా? బండి తోలేవాడు చెప్పాలి" అన్నాడు. లాల్ అహ్మద్ నిచ్చెన పక్కన, షాజాదీ ఎదుటి అరుగు మీద. బజారంతా ఏదో ఒక పని పెట్టుకుని అక్కడే తచ్చాడుతోంది.

ఒక లారీ వచ్చి ఆగింది. బస్తాల మీద నుంచి దిగింది కోటిరత్నం. వెనకే బుల్లయ్య. షాజాదీ చెప్పిన గిత్త మార్కా కొట్టు గుర్తుపెట్టుకుని, ఇరుగుపొరుగు సరుకుతో కలిపి తనది కూడా ఈ కొట్టుకే తెచ్చింది.

ఆవిడ తలెత్తింది. అలాగే నిలబడిపోయింది. ఎండ నిట్టనిలువుగా బోర్డు మీద పడుతోంది. హమాలీలు బస్తా దించడం ఆపారు. చెంచురామయ్య గద్దె దిగి గుమ్మంలోకి వచ్చాడు. ఆవిడ చూపు మూపురం మీద ఆగలేదు, గంగడోలు మీద ఆగలేదు. ఎడమ కొమ్ము చివర ఆగింది.

ఉన్నట్టుండి గిర్రున తిరిగి హమాలీల మీద విరుచుకుపడింది.

"ఏమర్రా, బుద్ధుందా మీకు? వాణ్ణి అట్టా ఎండలో నిలబెట్టారేంది? వాడికి ఎండ పడదు!"

ఎవరూ నవ్వలేదు. మైసూరు కొట్టు అని మొదట అన్నవాడు కూడా నవ్వలేదు.

"ఏం సాయిబూ, నీకు ఎన్నిసార్లు చెప్పాను?" అని లాల్ అహ్మద్ వైపు తిరిగింది. "వాణ్ణి తెచ్చి పెట్టావు, సంతోషం. నీడ పెట్టాలని తెలవదూ?"

చెంచురామయ్య గొంతు సవరించుకుని, "ఒరేయ్, ఆ వెదురు బొంగులు పట్రండి. తాటాకులు కూడా" అని కేక వేశాడు. పందిరి లేచేదాకా కోటిరత్నం అక్కడి నుంచి కదల్లేదు, బస్తా దించనివ్వలేదు. నీడ మెల్లగా జారి కొమ్ముల మీద, కళ్ళ మీద, గంగడోలు మీద పడ్డాక, పైటతో మొహం తుడుచుకుని, "ఆఁ, ఇప్పుడు తూకం వెయ్యండి" అంది. ఆ రోజు సాయంత్రానికి ఆ కొట్టు ముందు బండ్ల వరస మలుపు తిరిగింది.

వెళ్ళేముందు షాజాదీ చెయ్యి పట్టుకుని, "ఆదివారం వస్తారుగా?" అంది కోటిరత్నం.

"బోర్డు అయిపోయిందిగా అక్కా. ఇంక ఏం చెప్పి రావాలి?"

"బోర్డు అయిపోతే రైలు ఆగిపోయిందా?"

ఆదివారం తెల్లవారింది. లాల్ అహ్మద్ మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. గీయాల్సిన గిత్త లేదు. పెళ్ళాన్ని వెంటేసుకుని పోవడానికి సాకు లేదు. వంటింట్లో చప్పుడైతే షాజాదీ అనుకున్నాడు. లేచి చూస్తే తల్లి. ఎప్పుడూ నాలుగు జొన్నరొట్టెలు కట్టే మూటలో ఆవిడ ఆరు రొట్టెలు పెట్టి ముడి వేస్తోంది. మడత నలగని చీర కట్టుకుని ఉంది.

"ఏరా, ఇంకా పడకేనా? బండి నీ కోసం ఆగుద్దా?" అంది సైదాబీ. "అన్నట్టు, కిటికీ పక్కన నేను కూర్చుంటా. ముందే చెబుతున్నా."

స్టేషన్లో టికెట్ల గుమాస్తా అతన్ని చూడగానే అలవాటుగా రెండు టికెట్లు తీశాడు. లాల్ అహ్మద్ మూడు వేళ్ళు చూపించాడు.